అదృశ్య విమానము: మాటలో నిజమెంత?

బాపట్లకు సమీపమున, సూర్యలంక సముద్రతీరమున భారత వాయుసేన స్థావరమొకటి కలదు. 2023 డిసెంబరులో అచ్చట ‘అస్త్రశక్తి’ అను పేర జరిగిన విన్యాసములందు ఆకాశ్ క్షిపణి వ్యవస్థ ఒక్కటే, సుమారు 25 కిలోమీటర్ల దూరమున ఎగురుచున్న నాలుగు మానవరహిత లక్ష్యములను ఏకకాలమున ఛేదించినది. ఈ వార్త విన్న కృష్ణా డెల్టా విద్యార్థికి సహజముగనే ఒక సందేహము కలుగును. ఎదురుగా వచ్చునది రాడారునకు కనబడని విమానమైనచో ఆకాశ్ ఏమి చేయగలదు?

ఇది మంచి సందేహము. అయితే దీనికి లోకములో వినవచ్చు సమాధానములు రెండును మంచివి కావు. ‘అట్టి విమానమును ఎవరును ఏమియు చేయలేరు, అది కంటికి కనబడదు, యంత్రమునకు చిక్కదు’ అనునది మొదటి సమాధానము. ‘1999లో పాత కాలపు క్షిపణితో దానిని కూల్చివేసినారు కదా, కావున అది వట్టి ఆర్భాటము’ అనునది రెండవది. మొదటిది భయము నుండి పుట్టినది. రెండవది తొందరపాటు నుండి పుట్టినది. రెండింటికిని మూలము ఒక్కటే. అది ‘అదృశ్య విమానము’ అను మాట.

ఇంగ్లీషువారు ‘స్టెల్త్’ అను దానికి చప్పుడు చేయక, పసిగట్టనీయక మెలగుట అని అర్థము. దొంగ పిల్లి నడకను ఈ మాటతో చెప్పవచ్చును. పిల్లి అదృశ్యము కాదు. అది వచ్చిన సంగతి ఆలస్యముగా తెలియును, అంతే. తెలుగు పత్రికలు దీనిని ‘అదృశ్య’ అని అనువదించుటతో అర్థము మారిపోయినది. మేఘముల మాటున నిలిచి బాణములు గుప్పించిన మేఘనాదుడు పాఠకుని మనసున మెదలినాడు. కాని ఆ మేఘనాదునికి కూడ నికుంభిలా హోమము పూర్తి కావలెనను నియమము కలదు. కవి కల్పించిన అదృశ్యతకే నియమములుండగా, ఇంజనీర్లు నిర్మించిన దానికి లేకుండునా? ఆ నియమములు ఏవో, ఎంతటివో తెలిసికొనుటయే సరియైన పరీక్ష.

రాడారు చూచు విధము

విజయవాడలో ఇంద్రకీలాద్రికి ఎదురుగా 170 మీటర్ల దూరమున నిలిచి గట్టిగా కేక వేసినచో, ఒక సెకను తరువాత ప్రతిధ్వని వినబడును. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును గనుక, పోవుటకు అర సెకను, వచ్చుటకు అర సెకను. రాడారు చేయు పని ఇదియే. కేకకు బదులు రేడియో తరంగములు, కొండకు బదులు విమానము. ఈ తరంగములు సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో పోవును. ప్రతిధ్వని ఒక సెకనులో వేయవ వంతు కాలమున తిరిగి వచ్చినచో లక్ష్యము 150 కిలోమీటర్ల దూరమున ఉన్నదని లెక్క.

1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులోని డావెంట్రీ వద్ద వాట్సన్ వాట్ చేయించిన ప్రయోగములో, రేడియో ప్రసార కేంద్రము పంపిన తరంగములు ఎగురుచున్న విమానమును తాకి తిరిగి వచ్చినట్లు రుజువైనది. ఆ తరంగముల పొడవు దాదాపు 50 మీటర్లు. తరువాతి కాలమున లక్ష్యము ఉన్న చోటును నిక్కచ్చిగా చెప్పుటకై తరంగ దైర్ఘ్యమును తగ్గించుచు, కొన్ని సెంటీమీటర్లకు తెచ్చినారు. ఈ చరిత్రను గుర్తుంచుకొనవలెను. విమానములు దాగ నేర్చినది ముఖ్యముగా ఈ సెంటీమీటరు తరంగముల నుండియే.

ఒక వస్తువు తన మీద పడిన తరంగములలో ఎంత భాగమును రాడారు వైపునకు తిరిగి పంపుచున్నదో తెలుపుటకు ‘రాడారు ఛేదక్షేత్రము’ అను కొలత కలదు. దీనిని చదరపు మీటర్లలో చెప్పుదురు. కాని అది వస్తువు యొక్క అసలు వైశాల్యము కాదు. పెద్ద అద్దమును ఏటవాలుగా ఉంచినచో దీపపు వెలుగు పక్కకు పోయి, చూచువానికి అద్దము చీకటిగా కనబడును. చిన్న అద్దమైనను సూటిగా ఉన్నచో కన్ను మిరుమిట్లు గొలుపును. ‘ఫలానా విమానము రాడారునకు పిచ్చుకంత కనబడును’ అని వ్రాయు వ్యాసములు ఇచ్చట పొరపడుచున్నవి. ఏ దిక్కు నుండి చూచినపుడు? ఎంత పొడవు తరంగముతో చూచినపుడు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేని పిచ్చుక లెక్కకు విలువ లేదు.

దాగు పద్ధతులు

పద్ధతులలో మొదటిదియు, ముఖ్యమైనదియు ఆకారము. సామాన్య విమానమునందు రెక్క, తోక, శరీరము కలియు చోట లంబకోణములు ఏర్పడును. లంబకోణములో పడిన తరంగము రెండు గోడలను తాకి వచ్చిన దారినే తిరిగి పోవును. గోడ మూలకు విసిరిన బంతి ఇట్లే చేతికి వచ్చును. దాగవలసిన విమానమునకు ఇట్టి మూలలు ఉండరాదు. దాని తలములన్నియు తరంగమును పక్కలకు విసరు విధముగ వాలి ఉండవలెను. బాంబులు రెక్కల క్రింద వ్రేలాడరాదు. అవి కడుపులో ఉండవలెను.

అయితే తలముల అంచుల వద్ద తరంగములు వివర్తనము చెంది కొంత వెనుకకు వచ్చును. ఈ అంచు తరంగములను లెక్కించు పద్ధతిని సోవియట్ భౌతిక శాస్త్రజ్ఞుడు ప్యోత్ర్ ఉఫిమ్‌త్సెవ్ 1962లో ప్రచురించెను. ఆ దేశపు అధికారులు అందులో రహస్యమేమియు కనలేదు. అమెరికా వాయుసేన దానిని 1971లో ఇంగ్లీషులోనికి అనువదింపజేసినది. లాక్‌హీడ్ సంస్థలోని గణితజ్ఞుడు డెనిస్ ఓవర్‌హోల్సర్ ఆ సూత్రములను గణన యంత్రమునకు ఎక్కించెను. అట్లు పుట్టిన ఎఫ్-117 విమానము 1981 జూన్ 18న తొలిసారి ఎగిరినది. 1988 నవంబరు వరకు ప్రభుత్వము దాని ఉనికిని ఒప్పుకొనలేదు. వజ్రమును చెక్కినట్లు దాని శరీరమంతయు చదునైన పలకలుగా ఉండుటకు కారణము అందము కాదు. నాటి గణన యంత్రములు వంపు తలములను లెక్కించలేకపోవుటయే. ఆ శక్తి వచ్చిన తరువాత రూపొందిన బి-2 విమానము సాఫీ వంపులతో, తోక లేని ఒక పెద్ద రెక్క వలె ఉండును.

రెండవ పద్ధతి పూత. ‘ప్రత్యేకమైన రంగు పూసినచో రాడారునకు కనబడదు’ అని చాలమంది అనుకొందురు. పూత సహాయము చేయును గాని ఆకారము లేని చోట పూత ఒక్కటే చాలదు. పూత పనిచేయు ఒక విధమును ఉన్నత పాఠశాల విద్యార్థులు సులభముగ గ్రహింపగలరు. తరంగ దైర్ఘ్యములో నాలుగవ వంతు ఎడముతో రెండు తలములుండినచో, ముందు తలము నుండి వచ్చు తరంగము, వెనుక తలము నుండి వచ్చు తరంగము ఒకదాని శిఖరము మీద మరొకదాని గర్తము పడి రద్దగును. తరంగము పొడవు 3 సెంటీమీటర్లయినచో ఈ ఎడము 7.5 మిల్లీమీటర్లు. తరంగము పొడవు 2 మీటర్లయినచో ఎడము 50 సెంటీమీటర్లు. తగిన పదార్థములను ఎన్నుకొని మందమును కొంత తగ్గింపవచ్చును. కాని పొడవు తరంగములను మ్రింగు పూత యుద్ధ విమానమునకు మోయరాని బరువే. పరిమితి యొక్క మొదటి జాడ ఇచ్చటనే కనబడుచున్నది.

నాలుగవ ఘాతపు లెక్క

ఇప్పుడు దాగుట వలన కలుగు లాభమెంత? ఇందులకు ఒక సూత్రము కలదు. రాడారు నుండి బయలుదేరిన శక్తి దూరము యొక్క వర్గమునకు విలోమానుపాతమున పలుచబడును. విమానమును తాకి తిరిగి వచ్చునపుడు మరల అంతే పలుచబడును. కావున తిరిగి వచ్చు శక్తి దూరము యొక్క నాలుగవ ఘాతమునకు విలోమానుపాతమున ఉండును. తిరుగవేసి చెప్పినచో, రాడారు చూడగల దూరము ఛేదక్షేత్రము యొక్క నాలుగవ మూలమును అనుసరించును.

ఛేదక్షేత్రమును 16వ వంతునకు తగ్గించినచో కనబడు దూరము సగమగును. 81వ వంతునకు తగ్గించినచో మూడవ వంతగును. దూరము పదవ వంతు కావలెనన్నచో ఛేదక్షేత్రమును 10,000వ వంతునకు తగ్గింపవలెను. అనగా 10 చదరపు మీటర్ల నుండి 10 చదరపు సెంటీమీటర్లకు, అగ్గిపెట్టె ముఖము కంటె చిన్నదానికి, దింపవలెను.

మచిలీపట్నము తీరమున శత్రు విమానమును 400 కిలోమీటర్ల దూరముననే పట్టగల రాడారు ఒకటి ఉన్నదని ఊహింపవచ్చును. గంటకు 900 కిలోమీటర్ల వేగముతో వచ్చు విమానము నిమిషమునకు 15 కిలోమీటర్లు దాటును. సామాన్య విమానమైనచో తీరమునకు 26 నిమిషముల 40 సెకనుల ముందు కబురు అందును. 10,000వ వంతు ఛేదక్షేత్రము గల విమానమైనచో అది 40 కిలోమీటర్ల దూరమున కనబడును. కబురు 2 నిమిషముల 40 సెకనుల ముందు అందును.

ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూచినచో మొత్తము విషయము తేటపడును. విమానము కనబడకపోలేదు. కనబడినది, కాని ఆలస్యముగా కనబడినది. దాగుట వలన కొనునది అదృశ్యత కాదు, కాలము. 26 నిమిషములలో వాయుసేన తన విమానములను లేపగలదు, నగరములో దీపములార్పి ప్రజలను హెచ్చరింపగలదు, క్షిపణులను సిద్ధపరుపగలదు. రెండున్నర నిమిషములలో ఇందులో చాల భాగము సాధ్యము కాదు.

వాడుకలో వచ్చిన ప్రయోజనము

1991 గల్ఫ్ యుద్ధములో ఎఫ్-117 విమానములు గట్టి రక్షణ గల బాగ్దాదు నగరము మీదికి పోయి బాంబులు వేసి వచ్చినవి. ఆ యుద్ధములో వానిలో ఒక్కటియు నష్టము కాలేదు. రాడారుల మధ్యనున్న ఎడములను వెదకి, ఆ దారిన పోవుట ఇందలి కిటుకు. ఒక్కొక్క రాడారు చూచు వలయము కుంచించుకొనిపోయినపుడు, ఒకదానితో ఒకటి కలిసియుండిన వలయముల నడుమ సందులు ఏర్పడును. దాగు విమానము అందరి కన్ను కప్పదు. కన్నుల నడుమ సందులను పెద్దవి చేయును. స్థిరముగా ఒక చోట నుండు రక్షణ వ్యవస్థల మీద, యుద్ధపు తొలి రాత్రి, ఇది గొప్ప లాభము.

అయితే ఈ విజయగాథను కూడ అప్పగించినట్లే పుచ్చుకొనరాదు. ఈ విమానముల బాంబులలో 80 శాతము గురి తగిలినవని వాయుసేన చెప్పుకొనగా, అమెరికా ప్రభుత్వ లెక్కల పరిశీలన సంస్థ 1997 నివేదికలో సాక్ష్యములను తిరుగవేసి, 41 నుండి 60 శాతము వరకే రుజువగుచున్నదని తేల్చినది. 2025 జూన్ 22న ఇరాను అణు కేంద్రముల మీద ఏడు బి-2 విమానములు దాడి చేసి క్షేమముగా తిరిగి వచ్చినవి. కాని ఆ కార్యములో పాల్గొన్న విమానములు మొత్తము 125కు పైగా. దారి శుభ్రపరచునవి, ఇంధనమును అందించునవి, శత్రువు దృష్టిని మరల్చునవి అనేకములు వెంట ఉండినవి. దాగు విమానము ఒంటరి వీరుడను చిత్రము కథకు బాగుండును, చరిత్రకు సరిపడదు.

పరిమితులు

మొదటి పరిమితి తరంగ దైర్ఘ్యము. వస్తువు కంటె తరంగము చాల చిన్నదైనపుడే అద్దము సామ్యము చెల్లును. ఏటవాలు తలము తరంగమును పక్కకు విసరును. తరంగము పొడవు తోక, రెక్క అంచుల పొడవుతో సమానమగుసరికి తలముల వాలు వలన కలుగు లాభము చాల వరకు పోవును. ఆ భాగము మొత్తము కంపించి, తరంగమును అన్ని దిక్కులకు చల్లును. అందువలననే సుమారు 2 మీటర్ల పొడవు తరంగములను వాడు పాతకాలపు రాడారులు ఈ విమానములను దూరము నుండి పసిగట్టగలుగుచున్నవి.

మరి అట్టి రాడారులనే వాడినచో సరిపోవును కదా? సరిపోదు. రాడారు కిరణము యొక్క వెడల్పు తరంగ దైర్ఘ్యమును ఆంటెన్నా వెడల్పుతో భాగించగా వచ్చును. 2 మీటర్ల తరంగము, 10 మీటర్ల ఆంటెన్నా అయినచో అది 0.2 రేడియన్లు. 100 కిలోమీటర్ల దూరమున ఆ కిరణము 20 కిలోమీటర్ల వెడల్పు ఉండును. బాపట్లకు చీరాలకు మధ్య గల దూరము కంటె ఎక్కువ. విమానము వచ్చుచున్నదని తెలియును గాని క్షిపణిని పంపవలసిన చోటు తెలియదు. 3 సెంటీమీటర్ల తరంగము, 3 మీటర్ల ఆంటెన్నా అయినచో అదే దూరమున వెడల్పు ఒక కిలోమీటరు మాత్రమే. కాని ఆ తరంగమునకే విమానము దాగుచున్నది. పసిగట్టునది గురి చూడలేదు. గురి చూడగలది పసిగట్టలేదు. ఈ చిక్కులోనే దాగు విమానపు బలమంతయు ఉన్నది.

1999 మార్చి 27 నాటి సంఘటనను ఈ వెలుగులో చదువవలెను. ఆ రాత్రి సెర్బియాలో జోల్తాన్ దానీ నాయకత్వమున గల క్షిపణి దళము ఎఫ్-117 విమానము నొకదానిని కూల్చినది. వాడినది 1961లో సైన్యమునకు చేరిన ఎస్-125 క్షిపణి. ఇదే రకము భారత వాయుసేనలో ‘పెచోరా’ పేర దశాబ్దములు పనిచేసినది. మీటరు తరంగ రాడారు రాకను సూచించినది. విమానములు వాడుక దారినే మరల మరల వచ్చుచుండుటను ఆ దళము గమనించినది. గురి చూచు రాడారును కొన్ని సెకనులు మాత్రమే వెలిగించినారు. లక్ష్యము చిక్కినది సుమారు 13 కిలోమీటర్ల దూరమున. ఈ చివరి సంఖ్యయే ముఖ్యము. దాగుట అబద్ధమని ఇది చాటుట లేదు. విమానము దగ్గరకు వచ్చిన తరువాతనే చిక్కుననెడి నాలుగవ ఘాతపు లెక్కనే ఇది బలపరచుచున్నది. విమానపు ఆకారము తన పనిని తాను చేసినది. దారి మార్చని మనుష్యుల అలవాటు దానిని పట్టి ఇచ్చినది.

రెండవ పరిమితి దిక్కు. ముందు నుండి చూచు రాడారునకు దాగు విమానము పక్కల నుండి, వెనుక నుండి అంతగా దాగదు. బాంబులు వేయుటకు కడుపు తలుపులు తెరచిన క్షణమున మూలలు బయటపడును. పక్కకు విసరిన తరంగము నశించుట లేదు కూడ, ఎచ్చటికో పోవుచున్నది. మచిలీపట్నము నుండి తరంగములను పంపి, బాపట్లలో వేరొక గ్రాహకమును ఉంచినచో, ఆ తరంగములలో కొన్ని అచ్చట చిక్కవచ్చును. రెండు చోట్ల గడియారములను అతి సూక్ష్మముగ కలుపుట, అనేక ప్రతిధ్వనులలో నిజమైన దానిని ఏరుట ఇందలి కష్టములు. అవి గణన శక్తి పెరిగినకొలది తగ్గు కష్టములు.

మూడవది వేడి. ఇంజను గల వస్తువు పరారుణ కిరణములను వెలువరింపక తప్పదు. మచిలీపట్నమునందు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ యొక్క కర్మాగారము రాత్రివేళ చూచుటకు పనికివచ్చు సాధనములను తయారుచేయుచున్నది. పాత తరపు ఉపాధ్యాయులు పాఠశాల ప్రయోగశాలల పరికరముల మీద చూచిన ‘ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ’యే 1983లో ఆ సంస్థలో కలిసినది. అట్టి సాధనములు తరంగములను పంపవు. వచ్చు వేడిని మాత్రమే గ్రహించును. కావున వానికి రాడారు పూత అడ్డు కాదు. అయితే వర్షాకాలపు దట్టమైన మేఘము పరారుణమును మ్రింగివేయును. ఒకరి పరిమితి మరొకరి ప్రయోజనమగుట ఈ విద్యలో అడుగడుగునను కనబడును.

నాలుగవది ఆకారము కొరకు చెల్లించు మూల్యము. రాడారునకు నచ్చని ఆకారము గాలికి కూడ నచ్చదు. ఇట్టి విమానమును నిలకడగా ఉంచుటకు గణన యంత్రములు క్షణక్షణము సవరింపవలెను. 2008 ఫిబ్రవరి 23న గువాము దీవిలో బి-2 విమానమొకటి పైకి లేచుచునే కూలినది. వైమానికులు బ్రతికినారు. గాలి పీడనమును కొలుచు గ్రాహకములలో చేరిన తేమ యే కారణమని విచారణలో తేలినది. మొత్తము తయారైన బి-2 విమానములు 21 మాత్రమే. వాని పూతకు వాన, ఎండ, తేమ పడవని, ప్రత్యేకమైన శాలలు కావలెనని పైన చెప్పిన పరిశీలన సంస్థయే 1997లో వ్రాసినది. తరువాతి రకములలో పూతలు మెరుగుపడినవి. అయినను ఉప్పుగాలి, ఉక్కపోత, తుఫాను వానలు గల కోస్తా తీరమున ఇట్టి విమానమును నిలుపుట అనగా ముందుగా దాని ఇంటిని నిర్మించుట అని తెలియవలెను. మేఘనాదునికి నికుంభిల వంటిది ఈ శాల.

ఐదవది ఖర్చు లేని పోటీదారు. భూమి గుండ్రముగా ఉన్నది. 25 మీటర్ల ఎత్తున నున్న రాడారు, 10,000 మీటర్ల ఎత్తున ఎగురు విమానమును సుమారు 430 కిలోమీటర్ల వరకు చూడగలదు. అదే విమానము 100 మీటర్ల ఎత్తున వచ్చినచో సుమారు 62 కిలోమీటర్ల లోపలనే కనబడును. ఇది దాదాపు మచిలీపట్నమునకు విజయవాడకు నడుమ గల దూరము. పూత లేకయే, ఆకారము మార్చకయే, హెచ్చరిక కాలము నాలుగు నిమిషములకు తగ్గినది. కొండలు లేని సమతలమైన డెల్టాకు కూడ ఈ దిగంతపు మరుగు తప్పదు. దీనికి విరుగుడు ఆకాశము నుండి క్రిందికి చూచు రాడారు. 2017లో భారత వాయుసేనలో చేరిన ‘నేత్ర’ విమానము అట్టిది.

చూచుట, దాగుట

కృష్ణా డెల్టా ప్రజలకు రాడారు అనగా మొదట గుర్తు వచ్చునది యుద్ధము కాదు, తుఫాను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పది వేలకు పైగా ప్రజలు మరణించిరి. ఆ తరువాత మచిలీపట్నమునకు తుఫానులను కనిపెట్టు రాడారు వచ్చినది. దాని స్థానమున ఇప్పుడు డాప్లరు రాడారు పనిచేయుచున్నది. 1990 మే నెలలో ఇదే తీరమును మరొక ఘోరమైన తుఫాను తాకినపుడు, ఉపగ్రహము, రాడారు ఇచ్చిన ముందస్తు కబురుతో లక్షలాది ప్రజలను తరలింపగలిగినారు. మరణములు సుమారు వేయి. అవియు తక్కువ కావు. కాని మొదటి సంఖ్యతో పోల్చి చూడవలెను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల వద్ద తీరము దాటినది. ‘అస్త్రశక్తి’ విన్యాసములు అదే తీరమున, అదే నెలలో జరిగినవి.

శాస్త్రము ఒక్కటే. వాన రాడారు వాడునది సుమారు 10 సెంటీమీటర్ల తరంగము. వాన చినుకు దాని కంటె ఎంతో చిన్నది. అట్టి చిన్న వస్తువు తిరిగి పంపు శక్తి దాని వ్యాసము యొక్క ఆరవ ఘాతమును అనుసరించును. చినుకు వ్యాసము రెట్టింపైనచో ప్రతిధ్వని 64 రెట్లగును. దూరపు తుఫాను అడుగు భాగము దిగంతము క్రింద దాగి, పై భాగము మాత్రమే కనబడుటకు కారణము తక్కువ ఎత్తున వచ్చు విమానమును దాచినదియే. యుద్ధములోనైనను, వానలోనైనను విలువ గలది ముందుగా అందిన కబురు. దాగు విమానము శత్రువు నుండి దొంగిలించునది దీనినే. రాడారు ప్రజలకు సంపాదించి పెట్టునది దీనినే.

తేలిన విషయము

సూర్యలంక విద్యార్థి సందేహమునకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. 60 కిలోమీటర్ల దూరమున సామాన్య విమానమును పట్టు రాడారు ఒకటి ఉన్నచో, 10,000వ వంతు ఛేదక్షేత్రము గల దానిని 6 కిలోమీటర్ల దూరమున పట్టును. సెకనుకు 250 మీటర్ల వేగమున అది 24 సెకనుల దారి. 25 కిలోమీటర్లు పోగల క్షిపణికి ఆ శక్తి చాల వరకు వృథా యగును. కావున మానవరహిత లక్ష్యముల మీద సాధించిన విజయము నుండి ‘దాగు విమానము వచ్చినను భయము లేదు’ అని తేల్చుట తొందరపాటు. కాని మీటరు తరంగ రాడారు ముందుగా రాకను చెప్పి, ఆకాశము నుండి మరొక రాడారు ప్రక్క నుండి చూచి, వేడిని గ్రహించు సాధనము గురిని నిశ్చయించి, ఇవన్నియు ఒక వలగా పనిచేసినచో, అదే క్షిపణికి అదే లక్ష్యము అందుబాటులోనికి రావచ్చును. ఒక్క కన్నునకు దాగగలది పది కన్నులకు దాగుట కష్టము.

భారత దేశము ఈ రెండు దారులను పట్టినది. శస్త్రములను కడుపులో దాచుకొను స్వదేశీ యుద్ధ విమానపు నమూనాల నిర్మాణమునకు 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గపు భద్రతా సంఘము సుమారు 15,000 కోట్ల రూపాయల వ్యయముతో అనుమతించినది. 2025 మే 2న దివిసీమలోని నాగాయలంక వద్ద క్షిపణి పరీక్షా కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. ఒకటి దాగు విద్యకు, మరొకటి దానిని ఎదుర్కొను విద్యకు సంబంధించినది. ఈ రెండింటిలో ఒకదానినే నమ్మి రెండవదానిని విడుచు దేశము చిక్కులో పడును. దాగు విమానము కొద్ది సంఖ్యలో, కష్టమైన తొలి దెబ్బకు పనికివచ్చు ఖరీదైన సాధనము. నిత్యము ఆకాశమును కాచుటకు, తీరప్రజలకు ముందు కబురు అందించుటకు కావలసినవి రాడారులు, వానిని కలుపు తంతులు, వాని ముందు మెలకువతో కూర్చుండు మనుష్యులు. 1999లో గెలిచినది ఈ మెలకువయే, ఓడినది అలవాటు.

ఉపాధ్యాయులకు ఈ విషయము భయము గొలుపుటకో, గర్వము పెంచుటకో కాక, పరావర్తనము, వివర్తనము, వర్గ విలోమ సూత్రము అను పాఠములకు సజీవమైన ఉదాహరణగా ఉపయోగపడును. చీకటి గదిలో ఒక టార్చి దీపము, ఒక అద్దము ఉన్నచో సగము పాఠము జరిగిపోవును. నాలుగవ ఘాతపు లెక్కను నల్లబల్ల మీద వేసినచో మిగిలిన సగము.

చివరకు మాట సంగతి. ‘అదృశ్య విమానము’ అను మాటను విడుచుటయే మేలు. ‘మరుగు విమానము’ అనినచో అర్థము సరిపోవును. మరుగున ఉన్నది ఒక వైపు వారికి కనబడదు. మరొక వైపు వారికి కనబడును. దగ్గరకు వచ్చినచో అందరికిని కనబడును. ఈ విమానముల ప్రయోజనమును, పరిమితియు ఈ ఒక్క మాటలోనే ఇమిడియున్నవి.